ఫుట్‌బాలా, ఆబ్‌స్టకిల్ కోర్సా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఫుట్‌బాల్ మానేసి ఆబ్‌స్టకిల్ కోర్స్ (వరసగా పెట్టిన అడ్డంకుల్ని ఎక్కుతూ, దాటుతూ సాగే ఆట) శిక్షణలో చేరతానంటున్నాడు. చేర్చమంటారా?

జవాబు: చేర్చండి, కానీ ఫుట్‌బాల్ మాన్పించకండి. ఫుట్‌బాల్‌లో కాళ్లకూ ఊపిరికీ బాగా పని దొరుకుతుంది. చేతులతో ఒంటి బరువు లాగే పని దాదాపు ఉండదు. ఆబ్‌స్టకిల్ కోర్స్‌లోని మంకీ బార్లు (చేతులతో వేలాడుతూ దాటే కడ్డీలు), తాడు, గోడ ఎక్కడం ఆ లోటు తీరుస్తాయి. అయితే అక్కడ వరసలో నిలబడే సమయమే ఎక్కువ. పదిమందికి ఒకే కోర్స్ ఉంటే గంటలో పిల్లాడు కదిలేది కొద్ది నిమిషాలే. అందుకే రెండూ కావాలి: 5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన వ్యాయామం, వారంలో కనీసం 3 రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చేర్చే ముందు ఒక క్లాసు దగ్గరుండి చూడండి. జాగ్రత్త పడాల్సింది మంకీ బార్ల దగ్గర. చెమట చేతులు జారతాయి, పడుతూ పిల్లాడు అరచెయ్యి నేలకు ఆనిస్తాడు, మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. (అరచేతుల్లో బొబ్బలు మామూలే.) మంచి కోచ్ ముందు దిగడం నేర్పుతాడు: రెండు పాదాలూ ఒకేసారి, మోకాళ్లు వంచి, చేతులు ముందుకు. తర్వాత కడ్డీ పట్టుకుని 10 సెకన్లు వేలాడనిస్తాడు. ఊగడం ఆ తర్వాతే. మ్యాట్ కడ్డీల కిందే కాదు, ఊగి పడే వైపు కూడా పరిచి ఉండాలి. మొదటి రోజే స్టాప్‌వాచ్ పట్టుకుని పందెం పెట్టే చోటయితే వెనక్కి వచ్చేయండి.