ఇన్‌స్టాగ్రామ్‌కి 30 నిమిషాల టైమర్ పెట్టినా పరీక్ష ముందురోజు రాత్రి మళ్లీ ఎందుకు తెరుచుకుంటుంది?

రాత్రి 12 దాటగానే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో వాడకాన్ని అదుపుచేసే డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని యాప్ టైమర్‌కి మీ చదువు గంటలతో పనిలేదు, తేదీ మారడమే లెక్క. సెమిస్టర్ పరీక్ష ముందు రాత్రి పదింటికల్లా 30 నిమిషాలూ అయిపోయి ఐకాన్ బూడిద రంగులోకి మారుతుంది. అర్ధరాత్రి దాటాక మళ్లీ రంగు తేలి, ఇంకో 30 నిమిషాలు చేతికొస్తాయి. అదీ సరిగ్గా మూడో యూనిట్ సగంలో ఉండి, నిద్ర ముంచుకొచ్చే వేళ!

నైటౌట్ చేసేవాళ్లకి డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉండే ఫోకస్ మోడే నయం. ఏ యాప్‌లు ఆపాలో, ఎప్పట్నుంచి ఎప్పటిదాకానో మీరే పెట్టుకోవచ్చు. క్లాస్ గ్రూపు కోసం వాట్సాప్‌ని మాత్రం వదిలేయండి.

ఇన్‌స్టాగ్రామ్ లోపలుండే రోజువారీ పరిమితి కూడా ఇలాగే యాప్‌ని ఆపేస్తుందనుకుంటారు. పెద్దల ఖాతాల్లో అది గుర్తుచేస్తుందంతే. ఆ సందేశాన్ని మూసేసి రీల్స్ చూస్తూనే ఉండొచ్చు.