కంపోస్టు మెషిన్ కన్నా ముందు ఎండాకు

మీరు అడిగింది ఇదీ: 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, వెనక కొంత ఖాళీ స్థలం. తడి చెత్తతో ఎరువు చేసి అక్కడే కూరగాయలు పెంచాలని కొందరికి ఉంది. వాసన, పురుగులు వస్తాయని మిగతావాళ్ల భయం. కమిటీ వాళ్లేమో కరెంటు మెషిన్ కొనేద్దామంటున్నారు.

మెషిన్ కొనకండి. అందులో కొంత డబ్బుతో ఇటుక తొట్లు కట్టించి, మిగతాది పనిచేసే మనిషికి జీతంగా ఇవ్వండి. ఒక్క రోజులో ఎరువు అని అమ్మే మెషిన్లలో చాలావరకు చెత్తను వేడిచేసి, ఎండబెట్టి పొడి చేస్తాయి. చూడ్డానికి ఎరువులాగే ఉంటుంది గానీ అది మాగలేదు, ఎండిందంతే. మొక్క మొదట్లో వేసి నీళ్లు పోస్తే అప్పుడు కుళ్లడం మొదలవుతుంది, బూజు పడుతుంది, వేళ్లు దెబ్బతింటాయి. ఎలాగూ మళ్లీ కొన్ని వారాలు మాగబెట్టాల్సిందే. అలాంటప్పుడు కరెంటు బిల్లు ఎందుకు కట్టాలి?

మేం హైదరాబాద్‌లో కాప్రా వైపు ఉంటాం. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే కిటికీలు వేసుకోవాల్సిందే. మా అపార్ట్‌మెంట్‌లో ఈ ఆలోచన పుట్టిందే అందువల్ల. మనం చెత్త ఆటోలో పడేసిన అన్నం మెతుకులే అక్కడ ప్లాస్టిక్‌తో కలిసి కుళ్లి ఆ కంపు కొడుతున్నాయని అందరికీ తెలుసు. మీ కమిటీలో రూల్ చూపిస్తేగానీ కదలనివాళ్లుంటే, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల గురించి చెప్పండి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని వాటిలోనే ఉండేది (2026లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి). మీది అంతకన్నా చిన్నదైనా, చేసుకోవద్దని ఎవరూ అనరు.

ఇప్పుడు వాసన సంగతి. తడి చెత్త ఉన్నందుకు వాసన రాదు, దానికి సరిపడా ఎండాకు లేకపోతే వస్తుంది. కూరగాయల తొక్కల్లో నీళ్లూ నత్రజనీ ఎక్కువ, ఎండాకులో కర్బనం ఎక్కువ. చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలైతే కర్బనం 25 నుంచి 30 పాళ్లు కావాలి, దాంతోపాటు గాలి ఆడాలి. ఆచరణలో దీనికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. బకెట్ తడి చెత్తకి ఒకటిన్నర, రెండు బకెట్ల ఎండాకు వెయ్యండి. పైన తొక్కలు కనపడకుండా ఆకు కప్పెయ్యాలి. అమోనియా ఘాటు వస్తోందంటే ఆకు తగ్గింది. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందంటే లోపల గాలి ఆడట్లేదు, తిరగెయ్యాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి.

కాబట్టి ముందు ఏర్పాటు చేసుకోవాల్సింది ఆకు నిల్వ. మన దగ్గర శివరాత్రికి అటూ ఇటూ వేప, రావి, కానుగ ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి. వీధి వీధంతా ఆకులే, చాలాచోట్ల వాటిని కుప్పపోసి తగలబెడతారు, పొగంతా మన ఇళ్లలోకే. అలా కాకుండా వీధి ఊడ్చేవాళ్లతో ముందే మాట్లాడుకుని గోనె సంచులు ఇవ్వండి, నింపిన సంచికి ఇంత అని డబ్బులివ్వండి. వాన తగలని చోట పేర్చుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. మామిడి, పనస లాంటి మందపాటి ఆకులు తొందరగా చివకవు, తొక్కి నలిపి వెయ్యాలి. వర్షాకాలం చివరికి నిల్వ అడుగంటితే కొబ్బరి పొట్టు కొనుక్కోవచ్చు. రంపపు పొట్టు కొద్దిగా వాడొచ్చు గానీ ప్లైవుడ్ కోసిన చోటిది మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది.

తొట్లు నాలుగైనా ఉంటే మంచిది. ఒకటి నిండుతుంటుంది, ఒకటి రెండు మాగుతుంటాయి, ఒకదాన్నుంచి ఎరువు తీసుకుంటుంటారు. ఒక్కోటి పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు పెట్టించి, ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు వదలమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. అంతకన్నా చిన్న కుప్ప సరిగ్గా వేడెక్కదు. పైన రేకు తప్పనిసరి. బాగా పనిచేస్తున్న తొట్టి లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. మా దగ్గర ఒక ఇనుప చువ్వ ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. బయటికి లాగి పట్టుకుంటే చెయ్యి వెంటనే వదిలెయ్యాలి, అంత కాలాలి. చలికాలం పొద్దున్నే ఆకు పక్కకి తీస్తే ఆవిరి లేస్తుంది. కలుపు గింజలనీ రోగక్రిముల్నీ చాలావరకు చంపేది ఆ వేడే.

పురుగుల గురించి కూడా భయపడొద్దు. బూడిద రంగులో చదునుగా, లావుగా కదిలేవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. అవి చెత్తను చకచకా తినేస్తాయి. పెద్దవై ఎగిరాక కుట్టవు, మన అన్నం మీద వాలవు. తెల్లగా, వేలంత లావున, వంకర తిరిగి పడుకునేవి కనిపిస్తే మాత్రం ఏరి తీసెయ్యండి. అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు, పెద్దయితే కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి. ఎలుకలు, పిల్లులు రాకుండా ఉండాలంటే ఆదివారం ఎముకలు, చేపల ముళ్లు, నూనె కూరలు మొదట్లో వెయ్యకండి. అవి ఆటోకే పోనివ్వండి.

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఈ పనిలోకి రమ్మనండి. మా మీటింగులో వాసన, రోగాలు అంటూ గొడవ జరుగుతుంటే మూడో అంతస్తు పెద్దమ్మ లేచి, "మా ఊర్ల పెంటకుప్ప ఇంటెనకనే ఉండె. ఎవలకేమైంది?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పనిచేసే మనిషి సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో ఇదంతా వాచ్‌మన్ భార్య మీద ఊరికే పడేస్తారు. అది అన్యాయం. వేరే జీతం, గ్లవ్స్, పొడుగు పిడి ఫోర్కు, చేతులు కడుక్కోవడానికి అక్కడే ఒక కొళాయి ఇవ్వాలి. డైపర్లు, ప్యాడ్లు, పాల ప్యాకెట్లు ఆమె చేత్తో ఏరే పరిస్థితి రాకూడదు. ఏ ఫ్లాట్ బకెట్‌లో ప్లాస్టిక్ కనపడితే ఆ బకెట్ అలాగే వెనక్కి పంపే హక్కు ఆమెకుండాలి, కమిటీ ఆమె వెనక నిలబడాలి. మా దగ్గర చేసే ఆమె తొట్టి చూడగానే చెప్పేస్తుంది: "మేడం, ఇయ్యాల ఆకు తక్వ పడ్డది, రేపటికి వాసనొస్తది." ఆ మాట ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

రెండు మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన మట్టి వాసనతో ఎరువు వస్తుంది. అనుమానంగా ఉంటే తడిపి కవర్లో మూడు నాలుగు రోజులు గట్టిగా కట్టి ఉంచండి. విప్పినప్పుడు కంపు కొడితే ఇంకా మాగాలి.

తోట విషయంలో ముందు ఆ స్థలంలో ఎండ ఎన్ని గంటలు పడుతుందో చూడండి. ఐదారు గంటలు లేకపోతే టమాటా, వంగ మీద ఆశ పెట్టుకోకండి. ఆకుకూరలు, పుదీనా వేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్ల వెనక నేలలో సిమెంటు, ఇటుక ముక్కలే ఎక్కువ కాబట్టి, అడుగెత్తు మడులు కట్టి, ఎర్రమట్టిలో మూడో వంతు ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపి నింపండి. పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) వస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. బతుకమ్మ పూలు, వినాయకుడి పత్రి కూడా తొట్టిలోకే, దారాలు తీసేసి.

మొదటి ఏడాది ఆకుకూరలే వెయ్యమంటాను. తోటకూర నెల తిరక్కుండా కోతకొస్తుంది, ఒక్క మడికే ఎన్నో కట్టలు. నాలుగు టమాటాలు కాస్తే ఎవరివి అని తగువు. మా పద్ధతి ఏంటంటే, ఆదివారం పనికి వచ్చినవాళ్లు ముందు కోసుకుంటారు, మిగిలింది గేటు దగ్గర బల్ల మీద పెడతాం, చెత్త సరిగ్గా వేరుచేసి ఇచ్చే ఎవరైనా తీసుకోవచ్చు. కొత్తిమీర మాత్రం దసరా దాటాక చల్లండి, ధనియాలను చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేశాకే.