ఫోర్ట్ మెలన్‌ను మన్రో సరస్సు ఒడ్డునే ఎందుకు కట్టారు?

ఫ్లోరిడాలోని ఈ కోటను సరస్సు కాపలా కోసం కాదు, సైన్యానికి సరుకు దించే రేవుగా కట్టారు. అమెరికా సైన్యానికీ, ఫ్లోరిడా మూలవాసులైన సెమినోల్‌లకూ మధ్య జరిగిన రెండో సెమినోల్ యుద్ధంలో (1835–42) అసలు చిక్కు రవాణాదే: చిత్తడిలో, ఇసుకలో బండి చక్రాలు దిగబడిపోయేవి. సెయింట్ జాన్స్ నది మీద పెద్ద ఆవిరి పడవలు ఈ సరస్సు దాకా వచ్చేవి. ఆపైన నది వాటికి అనువుగా ఉండదు. అందుకే తిండి, మందుగుండు, గుర్రాల దాణా ఇక్కడ దించుకుని, సైన్యమే దారి కొట్టుకుంటూ దక్షిణానికి తీసుకెళ్లేది. 1838లో వెలసిన ఫోర్ట్ మెయిట్‌లాండ్, ఫోర్ట్ గాట్లిన్ ఆ దారిలోవే.

కోట అనగానే గోల్కొండలాంటి రాతి గోడలు ఊహించుకుంటారు. ఇక్కడున్నది దుంగల కంచె మాత్రమే. 1837 ఫిబ్రవరి 8న సెమినోల్‌లు దాడి చేసినప్పుడు సరస్సులోని పడవ మీది ఫిరంగి కూడా కాల్చింది. ఆ పోరులో మరణించిన కెప్టెన్ చార్లెస్ మెలన్ పేరే కోటకు పెట్టారు.