వీవీప్యాట్ చీటీలన్నీ లెక్కపెడతారా?

వీవీప్యాట్ అంటే ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీపై ముద్రించి చూపే, ఈవీఎంకు జతచేసిన యంత్రం. ఆ చీటీలన్నీ లెక్కపెట్టరు, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో లాటరీ తీసి ఎంచుకున్న 5 పోలింగ్ కేంద్రాల చీటీలనే ఈవీఎం లెక్కతో సరిచూస్తారు. అన్నీ చేత్తో లెక్కిస్తే ఫలితాలు రోజుల తరబడి ఆలస్యమవుతాయని ఎన్నికల సంఘం వాదన. మొదట్లో ఒక్క కేంద్రమే ఉండేది, చంద్రబాబు నాయుడు సహా 21 పార్టీల నేతలు కోర్టుకెళ్తే 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని 5 చేసింది, అన్నీ లెక్కించాలన్న పిటిషన్లను మాత్రం 2024లో కొట్టేసింది.

ఉదాహరణకు ఒక అభ్యర్థికి ఈవీఎంలో 412, చీటీల్లో 411 వచ్చాయనుకోండి. మళ్లీ లెక్కపెడతారు, అప్పటికీ తేడా ఉంటే చీటీల లెక్కే చెల్లుతుంది. అసలు బలమంతా ఈ నిబంధనలోనే ఉంది.

చీటీ రసీదులా చేతికొస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. అద్దం వెనక 7 సెకన్లు కనిపించి, తెగి పెట్టెలో పడిపోతుంది. అది పడేదాకా కదలకుండా గుర్తు చూసుకోండి.