కోతి గుండెకాయ, కుందేలు కాలేయం

కొత్తగా అమెరికా వచ్చిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “మా బాబు రెండో తరగతి. ఇంగ్లీషు చదవడంలో వెనకబడ్డాడని టీచర్ అంటున్నారు. ఇంట్లో తెలుగు కథలు ఆపేసి, ఇంగ్లీషు పుస్తకాలే చదివించాలా?”

ఆపకండి. ఆ తెలుగు కథలే మీ చేతిలో ఉన్న మంచి సాధనం. కూడబలుక్కుని చదివే పిల్లవాడు మాట పలకాలి, దాని అర్థం పట్టుకోవాలి, కథ ఎటు పోతోందో కూడా చూసుకోవాలి. కథ ముందే తెలిస్తే ఆ బరువులో చాలా భాగం దిగిపోతుంది. నదిలో కోతి ఎవరి వీపు మీద కూర్చుందో తెలిసినవాడు ‘క్రొకడైల్’ అన్న పెద్ద మాట దగ్గర తడబడినా పుస్తకం మూసేయడు. ఊహించి చదివేస్తాడు, రెండోసారి ఆ మాట కనబడితే గుర్తుపడతాడు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధమే పిల్లవాడికి అందకపోతే కథలొక్కటే చాలవు. మొహమాటపడకుండా బడిలో రీడింగ్ స్పెషలిస్ట్ (చదవడంలో వెనకబడ్డ పిల్లలకి సాయపడే టీచర్) సాయం అడగండి. అందులో తప్పేమీ లేదు.

మరి ఏ కథలు చదివించాలి? మన కథలు, వాటి పక్కనే ఇతర దేశాల జానపద కథలు. బడి కూడా ఇదే అడుగుతుంది. ఏ తరగతిలో పిల్లలకి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలు 2010లో వచ్చాయి. వాటి ప్రకారం, రెండో తరగతి పిల్లలు వేర్వేరు సంస్కృతుల జానపద కథలు చదివి తిరిగి చెప్పాలి, వాటిలోని నీతి ఏమిటో పట్టుకోవాలి, ఒకే కథ రెండు దేశాల్లో రెండు రకాలుగా ఉంటే పోల్చి చూడాలి. చాలా రాష్ట్రాలు వీటినో, వీటికి దగ్గరగా ఉండేవాటినో పాటిస్తున్నాయి. పబ్లిక్ లైబ్రరీ పిల్లల విభాగంలో 398.2 నంబరున్న అర వెతకండి. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో జానపద కథల నంబరు అదే.

నాకు బాగా పనికొచ్చినది కోతి-మొసలి కథ. పంచతంత్రంలో ఉంది, జాతక కథల్లోనూ ఉంది. మొసలి భార్యకి కోతి గుండెకాయ కావాలి. స్నేహితుణ్ణి వీపు మీద ఎక్కించుకుని నది మధ్యలో మొసలి అసలు సంగతి చెబుతుంది. గుండె చెట్టు మీదే మర్చిపోయానని కోతి తప్పించుకుంటుంది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ కథలో మొసలి స్థానంలో సొరచేప ఉంటుంది. జపాన్ కథలో కావలసింది కోతి కాలేయం. జెల్లీఫిష్ నోరు జారి రహస్యం బయటపెడుతుంది, దానికి శిక్షగా ఎముకలు పోగొట్టుకుంటుంది. కొరియాకి వెళ్ళేసరికి కోతి కుందేలైంది. సముద్ర రాజుకి జబ్బు చేసింది, కుందేలు కాలేయమే మందు. దాన్ని తీసుకురావడానికి తాబేలు గట్టుకి వస్తుంది.

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఈ కొరియా కథ చదివాం. మన కథ దానికి అప్పటికే నోటికి వచ్చు. తాబేలు బొమ్మ మీద వేలు పెట్టి పేజీ తిప్పనివ్వలేదు. “అమ్మా, మొసలి ఫ్రెండ్‌ని చీట్ చేసింది. తాబేలుని రాజు పంపించాడు కదా. అది కూడా బ్యాడేనా?” మోసం చేయకూడదమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. “నువ్వు తాబేలువైతే ఏం చేసేదానివి?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. “రాజుకి ఇంకో మందు ఉందేమో అడుగుతా” అంది. మర్నాడు పొద్దున బడికి వెళుతూ, “కుందేలుకి ముందే నిజం చెప్పేస్తా, అది రానంటే తీసుకెళ్ళను” అంది. స్నేహం, పెద్దవాళ్ళ మాట వినడం, నిజం చెప్పడం: ఇవి ఒకదానికొకటి అడ్డు పడినప్పుడు ఏం చేయాలన్నది ఆ చిన్న బుర్రలో రాత్రంతా నలిగింది. నేను నీతి చెప్పేసి ఉంటే ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయేది. అందుకే నీతి మీరు చెప్పకండి, పిల్లల్ని అడగండి. వాళ్ళ జవాబు మీకు నచ్చకపోయినా వెంటనే దిద్దకండి.

కథ అయ్యాక తెలుగులో తిరిగి చెప్పించండి. ఇది పరీక్షలా ఉండకూడదు. ఇంట్లో ఇంకొకరికి చెప్పమంటే చాలు. మా అమ్మాయి వాళ్ళ నాన్నకి చెబుతున్నప్పుడు తాబేలు అడగగానే కుందేలు బయల్దేరిపోయింది. సముద్రంలో సుఖంగా బతకొచ్చని తాబేలు ఆశ పెట్టిన పేజీ మొత్తం జారిపోయింది. పైకి గడగడా చదివింది, అర్థం మాత్రం అందలేదన్నమాట. మళ్ళీ ఆ పేజీకి వెళ్ళి నెమ్మదిగా చదివాం. తిరిగి చెప్పించకపోతే నాకు ఆ సంగతి తెలిసేదే కాదు. చదివేటప్పుడు మాత్రం ప్రతి వాక్యానికీ ఆపి అడగకండి, కథ చచ్చిపోతుంది. ఒకటి రెండు చోట్ల “ఇప్పుడేమవుతుందంటావ్?” అంటే సరిపోతుంది.

కొందరు అనాన్సీ కథలు చూసి కంగారు పడతారు, మోసం నేర్పుతున్నాయని. అనాన్సీ ఘనాలోని అకాన్ ప్రజల సాలెపురుగు. కందిరీగల్ని, కొండచిలువని, చిరుతని ఉపాయంతో పట్టి ఇచ్చి, ఆకాశ దేవుడి దగ్గరున్న కథలన్నీ సంపాదిస్తుంది. తెనాలి రామకృష్ణుడి కథలు విని పెరిగిన మనకి ఇది కొత్త కాదు. ఇది తెలివా, మోసమా అని పిల్లల్నే తేల్చుకోనివ్వండి. కాస్త పెద్ద పిల్లలైతే, బానిసలుగా పట్టుకెళ్ళిన మనుషులతో పాటే ఈ కథలు జమైకా చేరాయని చెప్పండి. బలం లేనివాడు గెలిచే కథ వాళ్ళకి ఎంత అవసరమో పిల్లలకి అర్థమవుతుంది.

పుస్తకం ఎంచేటప్పుడు ఒకటి గమనించండి. ‘ఆఫ్రికా కథ’ అని మాత్రమే రాసి, ఏ దేశమో, ఏ ప్రజలదో చెప్పని పుస్తకాన్ని నేను పక్కన పెడతాను. మంచి పుస్తకంలో కథ ఎక్కడ దొరికిందో చివర్లో చిన్న మాటగా రాస్తారు. అలాగే, “ఇవన్నీ మన దగ్గర్నుంచి పోయినవే” అని పిల్లల ముందు అనకండి. పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీలోకి (అప్పటి పర్షియా భాష), 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్ళిందని సంతోషంగా చెప్పండి. కానీ తాబేలుకి రాజభక్తిని ఇచ్చింది కొరియా వాళ్ళు. అది వాళ్ళ సొత్తు. క్లాసులో పక్కన కూర్చున్న కొరియా పిల్లతో మీవాడు మాట కలపడానికి అదే దారి కావచ్చు.

ఈ వారంలోనే టీచర్‌ని కలిసి, క్లాసులో జానపద కథల పాఠం ఎప్పుడుందో, ఏ కథలు చదివిస్తారో అడిగి రాసుకోండి. అంతకు రెండు మూడు రోజుల ముందు ఆ కథని ఇంట్లో తెలుగులో చెప్పండి. వీలైతే, దానికి దగ్గరగా ఉన్న మన కథ ఒకటి క్లాసులో చెప్పడానికి వస్తామనండి. మీరు ఇంగ్లీషులో చెబుతుంటే ఒకటి రెండు మాటలు మీవాడు తెలుగులో చెప్పి వాటి అర్థం వివరించాలి, ఆ రోజుకి వాడే అక్కడ తెలుగు మాస్టారు.