ఉద్వేగమా, భావమా?

ప్రశ్న: గుండె దడదడలాడితే, చెమటలు పడితే, వెనుకటి అనుభవాలను బట్టి మెదడే దాన్ని భయమనో కోపమనో తేల్చుకుంటుందనీ, ఆ తేల్చుకునే తీరును మనం కొంత మార్చుకోవచ్చనీ లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాదన. దీన్ని పిల్లలకు తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను. ఎమోషన్‌కు ‘భావోద్వేగం’ సరైన మాటేనా? ‘మెదడు భావోద్వేగాలను నిర్మిస్తుంది’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: ముందు ఉద్వేగం సంగతి చూద్దామమ్మా. ఆ మాట ‘విజ్’ ధాతువు నుంచి వచ్చింది; దానికి వణకడం, కలతపడడం అని అర్థం. గీత పన్నెండో అధ్యాయంలో ‘హర్షామర్షభయోద్వేగైః’ అన్నచోట సంతోషం, అసహనం, భయం తర్వాత నాలుగోది ఉద్వేగం. అంటే అది గుంపులో ఒకటి, గుంపు పేరు కాదు. సంతోషాన్ని కూడా ఉద్వేగమంటే మామిడిపండును సీతాఫలం అన్నట్టే. (అమరకోశంలో ఉద్వేగమంటే పోకకాయ కూడా. దాని జోలికి పోను.)

రుచి అంతా ‘భావం’లో ఉంది. నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో భరతుడే అడుగుతాడు: ‘కిం భవంతీతి భావాః, కిం వా భావయంతీతి భావాః’ అని. ఊరికే ఉంటాయి కనుక భావాలా, ఉండేట్టు చేస్తాయి కనుక భావాలా? రెండోదే, అంటాడు. పైగా భావితం, వాసితం, కృతం మూడూ ఒకటేనట. వాసన పట్టించడం, చేయడం, భావించడం ఒక్క పనే! వైద్యులకు ఇది చేతిపని. ఉసిరిపొడిని ఉసిరిరసంతో తడిపి, కల్వంలో నూరి, ఆరబెట్టి, ఆరినాక మళ్ళీ తడుపుతారు. దాని పేరు భావన. ఎన్ని భావనలు పడితే పొడికి అంత బలం. వెనుకటి అనుభవం మెదడుకు పట్టే తీరుకు నాకు ఇంతకన్నా మంచి పోలిక దొరకలేదు. అట్లాగని ‘ఇదంతా మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు’ అని బోర్డు మీద రాసేరు! భరతుడు చెప్పింది నాటకం సంగతి, నరాల సంగతి కాదు.

ఇక మన బమ్మెర పోతన. మొసలి నోట చిక్కిన గజేంద్రుడి మాట వినండి: ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్.’ భయమన్న మాట ఎక్కడన్నా ఉందా? ధైర్యం చలించిందన్న ఒక్క ముక్క తప్ప తక్కినదంతా ఒంటి లెక్కే: బలం లేదు, ప్రాణం చోటు తప్పింది, ఒళ్ళు సోలింది. నిన్నటిదాకా ఇదే ఒంటితో పోరాడినప్పుడు అది రోషం. ఇప్పుడు మూడో పాదం చివర తనకు తాను పేరు పెట్టుకుంటాడు: ‘దీనునిన్’. ఆ పేరు పడ్డాకే ‘రావే యీశ్వర’ అన్న పిలుపు. పేరు మారితే పని మారింది. మీ శాస్త్రవేత్త చెప్పేదానికి ఈ పద్యం ఉదాహరణ అవుతుందో కాదో గానీ, తరగతిలో మాత్రం చదివించండి.

మన క్రియల్లోనూ ఈ తేడా ఉంది. కోపం ‘వస్తుంది’, వచ్చేదాన్ని ఏం చేస్తాం? కానీ ధైర్యం ‘తెచ్చుకుంటాం’. మన దిక్కు అమ్మలు ‘రంది పెట్టుకోకు బిడ్డా’ అంటారు. పెట్టుకున్నది తీసేయనూవచ్చు. రంది (దిగులు), బుగులు (భయం), మనేది (మనోవ్యథ), యాష్ట (విసుగు): ఒక్కొక్కదానికి ఒక్కో బరువు. వీటన్నిటినీ ఊడ్చేసి టీవీలో ‘ఆయన భావోద్వేగానికి లోనయ్యారు’ అంటారు. ఏడ్చాడా, మండిపడ్డాడా, చెప్పరేం? ‘ప్రభుత్వం భావిస్తోంది’ అనేవాళ్ళను ఇక అననే అనను.

‘భావోద్వేగం’ పాఠ్యపుస్తకంలో పడితే కొట్టేయమనను, అది నలిగి నాటుకుంది. నేనైతే ‘భావం’ అంటాను, ఆలోచన అన్న అర్థంతో తికమక పడుతుందని మీరంటే సగం ఒప్పుకుంటాను. ‘నిర్మిస్తుంది’ తప్పు కాదు గానీ సిమెంటు వాసన. ‘ఒంటి కదలికకు మెదడు భావం కడుతుంది’ అనండి. పాట కూడా కడతాం కదా. అదీ మేస్త్రీ పనిలా తోస్తే ‘అల్లుతుంది’ అనండి, కాదనను.