సమాధానం: యార్డు కోపం ఇంట్లో దిగుతోందన్నారు కదా

అన్నా, కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి రేటు పడిన రోజు ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నానని, రాత్రి పదకొండుకు బజ్జీలు తిని నిద్ర పట్టక దొర్లుతున్నానని రాశారు. రెండింటికీ మూలం ఒకటే, యార్డులో రేగి దిగని ఆ కోపం.

కోపం రేగాక గుండె దడ, భుజాల బిగువు దిగడానికి 20 నిమిషాలైనా పట్టొచ్చు. మీరు బండి దిగీ దిగకముందే హోంవర్కు అడుగుతున్నారు. గడప దాటకముందే కాసేపు బండి మీదే కూర్చోండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ మెల్లగా వదలండి, 5 నిమిషాలు. దడ తగ్గించేది ఆ వదలడమే. గట్టిగా, గబగబా పీలిస్తే తల తిరుగుతుంది. చాలామంది మానేసేది అక్కడే.

తర్వాత వదినతో ఒక్క మాట: "రేటు పడింది, భయంగా ఉంది, అరగంటాగి మాట్లాడతా." "ఏం లేదులే" అంటే కోపం తన మీదే అనుకుంటుంది. చెప్పిన అరగంటకు మీరే వెళ్లి కూర్చోవాలి, లేకుంటే అది ఉత్త అలకే.

మధ్యాహ్నం అన్నం ఎగ్గొట్టొద్దు, బజ్జీల యావ సగం దానివల్లే. నాలుగు దాటాక టీ కూడా వద్దు. టీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.